క్యాసెట్టు రెండో వైపు

జనవరి 9

పెద్దమ్మకు నమస్కారాలు.

ఆరేళ్ళ తర్వాత నా దస్తూరీ చూసి కంగారుపడకు. ఇంట్లో అందరం, అంటే నేనూ అమ్మా, బాగానే ఉన్నాం. నీకు రాస్తున్నానని అమ్మకు చెప్పాను. వద్దనలేదు, సరేననీ అనలేదు. లేచి వెళ్ళి, శుభ్రంగానే ఉన్న కిటికీ అద్దాలు మళ్ళీ తుడిచింది.

నేనిప్పుడు ఒక పళ్ళ ల్యాబులో పని చేస్తున్నాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, మేం కట్టుడు పళ్ళు చేసి పంపిస్తాం. రోజంతా మైనం, ఆకురాయి, బుల్లి బుల్లి పళ్ళు. మా దగ్గర పాలిష్ పట్టే ఆయనకు ఒక చెక్క గిటారు ఉంటే, భోజనాల వేళ దానిమీద నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండేళ్ళయింది. ఇప్పుడు మేం నలుగురం ఆదివారాలు ల్యాబు వెనక గోడౌనులో కలిసి వాయిస్తున్నాం. చిక్కేమిటంటే, డ్రమ్ములు మొదలవగానే నా గిటారు ఉందో లేదో నాకే తెలియడం లేదు. అందుకని ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుందామనుకుంటున్నాను. బహుశా జన్మలో ఒక్కసారి కొనే వస్తువు. తప్పు కొంటానేమోనని భయం.

మన ఇంటావంటా ఆ వాయిద్యం తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఇరవై ఏళ్ళకు పైగా బ్యాండులో వాయిస్తున్నావు. చిన్నప్పుడు నన్ను, గిటారు శబ్దం పెంచే నీ యాంప్ పెట్టె మీద కూర్చోబెట్టి వాయిస్తే కాళ్ళు జుమ్మన్నాయి. ఏడవబోయి నవ్వాను. ఎలా చూసి కొనాలో చెప్పు. చేతికి హాయిగా ఉన్నది చూడాలా, ధ్వని బాగున్నది చూడాలా?

ఫోను చేద్దామనుకున్నాను. నీ గది కింద డ్రైక్లీనింగ్ షాపు నంబరు సంపాదించి చేస్తే, "ఆవిడ ఫోనుకు రారండీ" అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

నీ చెల్లెలి కూతురు


జనవరి 17

ఒసేయ్ పళ్ళమేస్త్రీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జనం నోట్లో పళ్ళు నిలబెట్టే పిల్లవి, నీ వేళ్ళు ఎలాగూ నిదానంగానే ఉంటాయి. అది సగం బలం. మీ అమ్మ కిటికీలు తుడిచిందా? తుడవనీ.

షాపుకి వెళ్ళగానే రంగు చూడకు. చూస్తావు, అది వేరే సంగతి, చూశాక మర్చిపో. గిటారు చేతికివ్వగానే తుపాకీ గురి చూసినట్టు కంటికి ఎదురుగా పట్టుకుని మెడ పొడవునా చూడు. వంకర ఉంటే అక్కడే పెట్టెయ్. తర్వాత మెడ అంచున అరచేతిని పైనుంచి కిందికి జార్చు. మెడమీద అడ్డంగా సన్న కడ్డీలు ఉంటాయే, ఫ్రెట్లు, వాటి కొసలు చేతికి గీరుకుంటే చేసినవాడు బద్ధకస్తుడని అర్థం. బద్ధకస్తుడు ఒక్కచోటే బద్ధకించి ఊరుకోడు.

అప్పుడు కూర్చో. కరెంటు పెట్టనివ్వకు. ఊరికే వాయించు. ఒక్కొక్క తీగ మీద ఫ్రెట్టు ఫ్రెట్టూ నొక్కుతూ పైదాకా వెళ్ళు. ఎక్కడైనా జర్రుమందా, ఎక్కడైనా చప్పబడిందా, వేలు ఎంత గట్టిగా నొక్కాల్సి వస్తోంది, బొటనవేలు మెడ వెనక ఎక్కడ ఆనుతోంది, ఇవన్నీ చూడు. ఆపైన పట్టీ తగిలించుకుని నిలబడు. ఐదు నిమిషాలు కాదు, అరగంట. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ, వాడి భుజం కాదు కదా.

చేతికా, చెవికా అని అడిగావు. తీగలు మరీ ఎత్తుగా ఉంటే మెకానిక్కు దించుతాడు. ఫ్రెట్టు గీరుకుంటే ఆకురాయి పెడతాడు. లేని ధ్వనిని మాత్రం ఎవడూ తెచ్చి పెట్టలేడు. కాబట్టి చేతికి మరీ పరాయిది కాకుంటే చాలు, మిగతాదంతా ధ్వనిని బట్టి తేల్చుకో. ఇది ముప్ఫై ఏళ్ళ అనుభవంతో చెబుతున్న మాట.

ఫోను నాకు పడదు. ఉత్తరమే రాయి. శనివారాలు ప్రోగ్రాములు, మిగతా రోజులు రిహార్సళ్ళు. తీరిక చూసుకుని జవాబిస్తాను. నా గిటారు ఇచ్చేస్తానేమోనని మనసులో ఏమైనా ఉంటే తీసెయ్. అది ఇచ్చేది కాదు.

మీ పెద్దమ్మ


ఫిబ్రవరి 2

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే తిరిగాను. మొదటి షాపులో కుర్రాడు గిటారు నా చేతికి ఇవ్వనే లేదు. తనే తీసి, వేళ్ళు కనపడనంత వేగంగా వాయించి, "చూశారా మేడమ్, ఎంత బాగుందో" అన్నాడు. చూసింది అతన్నే కానీ గిటారుని కాదు.

రెండో షాపు మార్కెట్టు వెనక సందులో. మందపాటి కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒక్కరే ఉంటారు. నేను మెడ గురి చూస్తుంటే, "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు. మా పెద్దమ్మ అన్నాను. ఒక స్టూలు వేసి, రేడియో కట్టేసి, తన పని తాను చూసుకున్నారు. రెండు శనివారాలు అక్కడే గడిపాను. చివరికి రెండు మిగిలాయి.

ఒకటి ఎర్రది, కొత్తది. తేలిక. మెడ సన్నగా, నా అరచేతి కోసమే చెక్కినట్టుంది. నా చిటికెనవేలు పొట్టి కదా, ఎప్పుడూ అందని చోట్లకు కూడా దీనిమీద అందింది. అరగంట నిలబడ్డా భుజానికి ఏమీ అనిపించలేదు. తిరిగి గోడకు తగిలిస్తుంటే, ఎవరిదో చంటిబిడ్డను కాసేపు ఎత్తుకుని ఇచ్చేస్తున్నట్టు అనిపించింది.

రెండోది నల్లది, పాతది. ఎవరో ఏళ్ళ తరబడి వాయించారు, మూల మీద రంగు పోయి చెక్క కనిపిస్తోంది. బరువు. మెడ లావు. పావుగంటకే మణికట్టు నొప్పెట్టింది. కానీ యాంప్‌కి తగిలించి పై తీగ ఒక్కటి మీటితే గది మొత్తం నిండిపోయింది. ఎర్రది అంత నిండుగా లేదు, శుభ్రంగా ఉంది. నల్లది నిండుగా ఉంది, శుభ్రంగా ఉందో లేదో నాకు అర్థం కాలేదు. ఏదో కొంచెం ఉంది పైన, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నా చెవి మీద నాకు నమ్మకం లేదు పెద్దమ్మా. ఒక్క రోజు రా. బస్సులో ఐదు గంటలు. రెండూ వాయించి చూపిస్తాను, నువ్వు విని ఒక్క మాట చెప్పు చాలు. మా ఇంట్లోనే ఉండొచ్చు. అమ్మను అడిగాను. "రమ్మను, నేనేమైనా తలుపేశానా" అంది. అమ్మ నోట అంత మాట రావడమే ఎక్కువ.

పళ్ళమేస్త్రి


ఫిబ్రవరి 10

పళ్ళమేస్త్రీ,

రావాలనే ఉంది. మోకాలు సహకరించడం లేదు. పైగా వచ్చే మూడు వారాలూ ప్రోగ్రాములు వరసగా ఉన్నాయి, ఒకటి పెద్ద హాల్లో. ఎవరినో నా బదులు పెట్టి వస్తే తిరిగి వెళ్ళేసరికి ఆ బదులే అసలైపోతుంది. ఈ వృత్తి అలాంటిది. మీ అమ్మకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పు.

నా చెవి మీద నమ్మకం లేదంటావేమిటి? రెండేళ్ళు వాయించినదానివి. ఇలా చెయ్యి. రెండింటినీ ఒకే యాంప్‌కి పెట్టు. గుబ్బలన్నీ మధ్యకు తిప్పు. గది మోగినట్టు చేసే గుబ్బ ఒకటుంటుంది, దాన్ని పూర్తిగా ఆపెయ్. అది పౌడరు లాంటిది, ముఖం తెలియనివ్వదు. ఒకే ఒక్క స్వరం మీటి వదిలెయ్. అది ఎలా పుట్టిందో కాదు, ఎలా పోయిందో విను. మంచి గిటారు మీద స్వరం మెట్లు దిగినట్టు దిగుతుంది. చెడ్డదాని మీద జారిపడుతుంది.

మీ పెద్దమ్మ


ఫిబ్రవరి 24

పెద్దమ్మా,

నువ్వు రానన్నావు కాబట్టి గిటార్లనే నీ దగ్గరికి పంపిస్తున్నాను. ఈ కవరులో క్యాసెట్టు ఉంది. టేపు రికార్డరు పాలిష్ ఆయనది. షాపు పెద్దాయన మధ్యాహ్నం గంటసేపు షట్టరు సగం దించి మరీ రికార్డు చేసుకోనిచ్చారు. మొదటి వైపు ఎర్రది, రెండో వైపు నల్లది. రెండింటిమీదా ఒకే ముక్క, ఒకే యాంప్, గుబ్బలన్నీ మధ్యలో, పౌడరు లేదు.

నల్లది వాయిస్తూ ఒకచోట ఆపి నిన్నొక ప్రశ్న అడిగాను. దానికి జవాబు తప్పకుండా రాయి. దాన్ని బట్టే కొంటాను. ఎర్రదాన్ని ఇంకెవరో కూడా అడుగుతున్నారట. వచ్చే నెల రెండో వారం దాకా ఆపుతానని పెద్దాయన అన్నారు.

ఇంకొకటి. నల్లది అయిపోగానే టేపు కట్టెయ్యకు. చివరిదాకా విను. చివర నీకోసం ఒకటుంది. దానికోసం నేను వారం రోజులు కష్టపడ్డాను.

మోకాలు ఎలా ఉంది?

పళ్ళమేస్త్రి


మార్చి 5

పళ్ళమేస్త్రీ,

క్యాసెట్టు అందింది. కింద షాపువాళ్ళ టేపు రికార్డరు అడిగి తెచ్చుకుని నిదానంగా, రెండు వైపులా మూడేసిసార్లు విన్నాను.

అనుమానం లేదు, నల్లది తీసుకో. ఎర్రది గొంతు సవరించుకుంటున్నట్టుంది. నల్లది మాట్లాడుతోంది. దాని కింది స్వరాలు వచ్చి గుండెకు తగులుతున్నాయి. మెడ లావంటావా, నెల రోజులు వాయిస్తే చేతికి అదే అలవాటవుతుంది. నా మొదటి గిటారు మెడ రోకలి బండలా ఉండేది, ఏమీ కాలేదు.

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు: అది మామూలే, పట్టించుకోకు.

చివర నువ్వు పెట్టిన ముక్క కూడా విన్నాను. ఫర్వాలేదు, బాగానే ఉంది. ఇంకొంచెం సాధన చెయ్యాలి.

కొన్నాక రాయి.

మీ పెద్దమ్మ


మార్చి 28

పెద్దమ్మకు,

నల్లది కొన్నాను. కొని రెండు వారాలయింది. ఇంతకుముందే రాయాల్సింది, రాసి రెండుసార్లు చింపేశాను.

ముందు గిటారు సంగతి చెబుతాను, అది చిన్నది కాబట్టి. నేను టేపులో అడిగిన ప్రశ్న ఇది: "పెద్దమ్మా, యాంప్ కొంచెం పెంచగానే పైన ఈల వేసినట్టు సన్నగా ఒక కీచు వస్తోంది, వింటున్నావా? ఇది మామూలేనా, లోపమా?" నువ్వు మామూలే అన్నావు. గోడౌనులో డ్రమ్ములకు సరిపోయేలా పెంచేసరికి అది ఈల కాదు, అరుపైంది. మా డ్రమ్ములాయన చెవులు మూసుకున్నాడు. షాపు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే విప్పి చూసి, తీగల కింద అయస్కాంతపు ముక్క, పికప్, లోపల వదులైపోయిందన్నారు. "టేపులో కూడా వినిపించి ఉంటుందే, మీ పెద్దమ్మగారు ఏమీ అనలేదా?" అని అడిగారు. ఎర్రదాన్ని అప్పటికే ఎవరో దంపతులు వాళ్ళమ్మాయికి కొనేశారు. నేను నల్లది తీసుకున్న మర్నాడే.

అది పోనీ. గిటారే కదా.

టేపు చివర ఉన్నది నా వాయింపు కాదు. అది అమ్మ. వారం రోజులు బతిమాలితే, మైకు ముందు కూర్చుని, రెండుసార్లు లేచిపోయి, మూడోసారి ఒక్క మాట మాట్లాడింది. "అక్కా, ఎలా ఉన్నావు? మోకాలు జాగ్రత్త." అంతే. ఆరేళ్ళ తర్వాత అమ్మ నీతో మాట్లాడిన మాట అది. దానికి నువ్వు, ఫర్వాలేదు, ఇంకొంచెం సాధన చెయ్యాలి అని రాశావు.

నీ ఉత్తరం వచ్చిన రోజు అమ్మ నాకంటే ముందు విప్పింది. నేను ఇంటికి వచ్చేసరికి బల్ల మీద మడత పెట్టి ఉంది. "సాధన చెయ్యాలట" అంది. పనిలో పడిపోయింది.

నాన్న పోయిన రోజు అమ్మ నీకు ఫోను చేస్తే నువ్వు "పోతే పోనీ" అన్నావట. అమ్మ ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నేను ప్రతిసారీ, పెద్దమ్మ అలా అని ఉండదు, నువ్వు సరిగా విని ఉండవు అనేదాన్ని. ఇక అనలేను. నువ్వు ఆ టేపు అసలు వినలేదు. విన్నానని మూడు పేరాలు రాశావు.

మళ్ళీ రాయనవసరం లేదు.


ఏప్రిల్ 19

తల్లీ,

రాయనవసరం లేదన్నావు. అయినా రాస్తున్నాను. చింపేముందు ఒక్కసారి చదువు, అమ్మకు కూడా చదవమని ఇవ్వు.

నేను ఆ టేపు విన్నాను అని రాసింది అబద్ధం కాదు, నిజమూ కాదు. నాకు చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు. తొమ్మిదేళ్ళ కిందట మొదలైంది. ముందు డ్రమ్ముల పక్కన ఇత్తడి పళ్ళేలు మోగుతాయే, ఆ మోత పోయింది. తర్వాత పిల్లల మాటలు. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. డాక్టరు నరం అన్నాడు, తిరిగి రాదన్నాడు. కింది స్వరాలు చాలా రోజులు మిగిలాయి. స్టేజీ మీద డ్రమ్ములకు ఆనుకుని నిలబడి, చెక్కల్లోంచి పాదాలకు వచ్చే దెబ్బను బట్టి వాయించేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ వారమే పంపించేస్తారు. నాకు వేరే పని రాదు.

రెండేళ్ళ కిందట ఒక ప్రోగ్రాములో గాయకుడికి గొంతు బాగాలేక పాట శ్రుతి దించారు. వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడట. నాకు వినపడలేదు. ఒక చరణం మొత్తం పాత శ్రుతిలోనే వాయించాను. హాలంతా నవ్వుతుంటే, బాగుందని నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను. అదే ఆఖరి ప్రోగ్రాము. అప్పటినుంచి కింది షాపులో ప్యాంట్లు ఇస్త్రీ చేస్తున్నాను. నీకు రాసిన శనివారం ప్రోగ్రాములన్నీ ప్యాంట్లే. ఇచ్చేది కాదు అని రాసిన గిటారు, ఆ ఏడాదే అమ్మేశాను. నీకు ఇచ్చి ఉండాల్సింది. ఇవ్వాలంటే ఎందుకిస్తున్నానో చెప్పాలి కదా, అందుకని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఇచ్చాను.

నీ క్యాసెట్టు వేసి, షాపువాళ్ళ టేపు రికార్డరును నేలమీద పెట్టి దాని స్పీకరు జాలీమీద అరచెయ్యి ఆనించాను. ఎర్రది కొంచెం కదిలించింది. నల్లది మోచేతిదాకా వచ్చింది. అందుకే నల్లది అన్నాను. ప్రశ్న వినపడలేదు. చివర ఏముందో వినపడలేదు. అరచేతికి ఏదో చిన్నగా తగిలి ఆగిపోయింది. నువ్వే ఏదో వాయించి ఉంటావనుకున్నాను. అది మా చెల్లెలి గొంతు.

ఒకటి మాత్రం తెలిసి చేసిన తప్పు. చేయా, ధ్వనా అని నువ్వు మొదట అడిగినప్పుడు ధ్వని అన్నాను. ఇంకెవరైనా అడిగితే చెయ్యి అనేదాన్ని. చేతికి ఇష్టమైనదాన్ని మనిషి రోజూ తీస్తుంది, రోజూ తీస్తే ధ్వని దానంతటదే వస్తుంది. నాకు తెలుసు. నాకు దక్కనిదాని గురించి రాస్తూ కూర్చోవాలనిపించి నీకు తప్పు సలహా ఇచ్చాను. ఎర్రది నీ చేతికి పుట్టిన గిటారు. చంటిబిడ్డ అని నువ్వు రాసినప్పుడే నాకు అర్థమైంది. అర్థమయ్యీ పలకలేదు.

ఇక ఫోను సంగతి. మీ నాన్నకు కోపం వస్తే ఏం చేసేవాడో నీకు గుర్తుండే ఉంటుంది. చొక్కా తొడుక్కుని ఇంట్లోంచి వెళ్ళిపోయేవాడు, సాయంత్రానికి చల్లబడి వచ్చేవాడు. అలా వెళ్ళినప్పుడల్లా మీ అమ్మ నాకు ఫోను చేసేది. నేను ఏదో ఒకటి అని నవ్వించేదాన్ని. ఆ రోజు రిహార్సలు గదిలో ఫోను. చుట్టూ గోల. చెల్లెలి గొంతు నీళ్ళ కింద నుంచి వస్తున్నట్టుంది. "ఆయన పోయారే అక్కా" అన్న ఒక్క ముక్క అందింది. ఎప్పటిలాగే వెళ్ళాడనుకున్నాను. "పోతే పోనీవే, ఎక్కడికి పోతాడు, సాయంత్రానికి వస్తాడులే" అన్నాను. అని నవ్వాను కూడా.

పది రోజుల తర్వాత మీ బాబాయి రాసిన కార్డు వచ్చింది. అది చదివాక నేను అన్న మాట నాకు మళ్ళీ వినిపించింది, ఏ చెవితోనో తెలియదు. వెంటనే బయల్దేరాల్సింది. బయల్దేరితే, నాకు సరిగా వినపడలేదని చెప్పాలి. అది చెప్తే బ్యాండు పోతుంది. ఈ వారం కాదు వచ్చే వారం అనుకున్నాను. నెల దాటాక ముఖం చెల్లలేదు. ఏడాది దాటాక, మీ అమ్మ నన్ను తిట్టుకోవడమే న్యాయం అనిపించింది. చివరికి బ్యాండూ పోయింది. దేన్ని కాపాడుకుందామని చెల్లెల్ని వదులుకున్నానో అదీ మిగల్లేదు.

నా మోకాలు బాగానే ఉంది. అదీ అబద్ధమే.

పెద్దమ్మ


ఏప్రిల్ 30

పెద్దమ్మా,

నీ ఉత్తరం అమ్మకు ఇచ్చి నేను పక్క గదిలో కూర్చున్నాను. కాసేపయ్యాక వెళ్ళి చూస్తే కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని కూర్చుంది. "సాయంత్రానికి వస్తాడులే అని కూడా అంది. నిజమే, అంది" అంది అమ్మ.

ఆ రెండో ముక్క అమ్మ నాకు ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. పోతే పోనీ అన్న మాటే చెప్పింది. ఎందుకని అడిగాను. "ఆ ముక్కతో కలిపి చెప్తే అక్కకు అర్థం కాలేదేమోనని ఎవరైనా అంటారు, అప్పుడు కోపం నిలబడదు, ఆ రోజుల్లో నాకు కోపం తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు" అంది. తర్వాత, "మర్నాడు మళ్ళీ ఒక్క ఫోను చేసుంటే తెలిసిపోయేది" అంది. ఆ మాట మూడు నాలుగుసార్లు అంది, నాతో కాదు.

నేను రాసిన ఉత్తరం గురించి ఏమని చెప్పాలో తెలియడం లేదు. నువ్వు ఫోనుకు రావు, బస్సెక్కవు, క్యాసెట్టులో అడిగినదానికి పొంతన లేని జవాబు రాశావు. ఇవన్నీ వరసగా పెట్టి చూస్తే నాకే తట్టాల్సింది. నోటి అచ్చు చూసి ఏ పన్ను ఎక్కడ నొప్పెడుతోందో చెప్పేదాన్ని, ఇది చెప్పలేకపోయాను.

షాపు పెద్దాయన పికప్ విప్పి మైనం పోసి బిగించారు. కీచు పోయింది. కొంచెం నిండుదనం కూడా పోయిందని ఆయనే అన్నారు. ఎర్రది కొన్నవాళ్ళ చిరునామా అడిగాను. వాళ్ళ అమ్మాయి దాన్ని పక్కనే పెట్టుకుని నిద్రపోతోందట. ఇక అడగలేదు.

అమ్మ ఉత్తరం రాయనంటోంది. ఏం రాయాలో తెలియదట. మే నెల రెండో ఆదివారం ఇద్దరం వస్తున్నాం. గిటారు కూడా తెస్తాను.

పళ్ళమేస్త్రి


మే 22

పళ్ళమేస్త్రీ,

మీరు వెళ్ళి పదిరోజులైంది. గదిలో మూడో కుర్చీ ఇంకా కింది షాపువాళ్ళకు తిరిగి ఇవ్వలేదు.

వచ్చిన గంటదాకా మీ అమ్మ లాండ్రీ చీటీల వెనక రాసి చూపిస్తూ కూర్చుంది గుర్తుందా? ఎలా ఉన్నావు, తిన్నావా, ఈ గదికి గాలి రాదా. తర్వాత చీటీలు అయిపోయి అరవడం మొదలుపెట్టింది. షాపాయన దెబ్బలాటేమోనని పరుగెత్తుకుంటూ పైకి వచ్చాడు. ఇప్పటికీ అడుగుతున్నాడు, మీ చెల్లెలుగారి కోపం తగ్గిందా అని. తగ్గిందన్నాను. తగ్గిందో లేదో నాకు తెలియదు. ఆరేళ్ళు అలాగే ఉంటాయి, ఎవరు వచ్చినా వెళ్ళినా.

నీ గిటారు తీగలు నేను దించగలిగినంత దించాను. ఇంకా దించితే జర్రుమంటాయి. మెడను మాత్రం ఎవరూ సన్నం చేయలేరు. నువ్వు నా ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే, దాని ఒంటిమీద చెయ్యి వేసి పట్టుకున్నాను కదా. నీ చిటికెనవేలు ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా చేరుతోంది. నీకు సాధన చాలక కాదు. ఆ మెడ నీది కాదు. ఆ మాట అప్పుడే అనలేకపోయాను. రోజూ ఒకేసారి ఎక్కువసేపు వాయించకు, మణికట్టు పాడవుతుంది. ఎప్పటికైనా సన్న మెడది దొరికితే రెండో ఆలోచన లేకుండా మార్చెయ్. నేను చెప్పానని దీన్ని పట్టుకు వేలాడకు.

ఇప్పుడు అసలు సంగతి. బస్సు దగ్గర మీ అమ్మ నాతో ఏదో అంది. అప్పటికే ఇంజను ఆన్ చేశారు, నా కాళ్ళకు అదే తెలుస్తోంది. తను బస్సు వైపు తిరిగి ఉంది, పెదాలు కనపడలేదు. రెండు వాక్యాలు అంది అనుకుంటాను. నేను తలూపాను. తను నా వైపు చూసి, చెయ్యి ఒకసారి పట్టుకుని ఎక్కేసింది.

వినపడనప్పుడల్లా తలూపడం అలవాటైపోయింది. తొమ్మిదేళ్ళ అలవాటు. ఆ రోజు కూడా ఊపేశాను. పదిరోజులుగా ఇస్త్రీ చేస్తూ అదే ఆలోచన. అడగడానికి సిగ్గుగా ఉంది, కానీ అడక్కుండా ఉండి ఏం మూటగట్టుకున్నానో చూశాను. ఏమందో కనుక్కుని రాయి. నాకు వినపడలేదని చెప్పే అడుగు.

పెద్దమ్మ


మే 29

పెద్దమ్మా,

అమ్మను అడిగాను. మొదట, "తలూపిందిగా" అంది. వినపడలేదట, నిన్ను అడిగి రాయమంది అని చెప్పాను. బట్టలు మడతపెడుతున్నది ఆపి కూర్చుంది.

అమ్మ అన్న మాట ఇది. తన మాటల్లోనే రాస్తున్నాను.

"ఆ రోజు అందరికంటే ముందు నీకే ఫోను చేశానే అక్కా. ఆయన తమ్ముడికి కూడా ఆ తర్వాతే."

నువ్వు తలూపితే, నాకు తెలుసులే అన్నావనుకుందట.

రాసేటప్పుడు నాకు సరిగా గుర్తులేక రెండోసారి చెప్పించుకున్నాను. విసుక్కోలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది. పెద్ద అక్షరాలతో రాయమంది.

పళ్ళమేస్త్రి